తలుపు తెరిచే ఉన్నది, తాళంచెవి ఎవరి తాన?



ఈ వారం డప్పు పేర్ల గురించి రాస్తనని మాటిచ్చిన. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్న. ముందు ఒక తప్పు ఒప్పుకోవాలె. తప్పు నాదే.

మా ఊరు కరీంనగర్ పక్కనే. ఊరి నడుమ యాపచెట్టు, దాని కింద రచ్చబండ. పంచాయితీ ఏదైనా అక్కడనే. మా నాయిన చెప్పులు చేత పట్టుకొని దూరంగ నిలబడి జవాబు చెప్పేటోడు. మా అవ్వ ఆ దిక్కు నడిచేది కూడ కాదు. బండ అందరిదని ఊరోళ్లు అనేటోళ్లు. అబద్ధమేం కాదు, కాగితం మీద అది అందరి జాగనే. కూసుంటే కొడ్తమని యాడ రాసిపెట్టలేదు. రాయకున్నా అందరికి తెలుసు.

తెలుగు వికీపీడియాను 2003 డిసెంబర్ల వెన్న నాగార్జున మొదలుపెట్టిండు. ఇయ్యాల దాంట్ల లక్షకు పైగ వ్యాసాలున్నయి. అదంత జీతం లేకుండ రాసినోళ్ల కష్టం. నా పీహెచ్‌డీ దినాలల్ల దాని సాయం ఎన్నిసార్లు తీసుకున్ననో లెక్కలేదు. దాంట్ల రాసేటోళ్లు నియమాల గురించి, తగాదాల గురించి మాట్లాడుకునే పేజీ పేరు ‘రచ్చబండ’. ఆ పేరు మొదటిసారి చూసినప్పుడు నాకు మా నాయిన చేతుల చెప్పులు యాదికొచ్చినయి. పేరు పెట్టినోళ్లది మంచి మనసే. అందరు కూసొని మాట్లాడే జాగ అని పెట్టుకున్నరు. కాని ఒకటే మాట ఊర్ల ఒక తీరుగ ఇనవడ్తది, వాడల ఇంకో తీరుగ ఇనవడ్తది.

ఇగ మా పని సంగతి.

మా కాలేజీ పిల్లలతోని కలిసి ఒక పదకోశం మొదలుపెట్టినం. తోలు పని, డప్పు, మోట, కాష్టం కాడి పనులు, నాట్లు, కలుపులు – వాడల, గూడేలల్ల నోట్ల ఉండి పుస్తకాలకు ఎక్కని మాటలు. ఎవరైనా చదువుకునేటట్టు, ఎవరైనా మార్పు పంపేటట్టు గిట్‌హబ్‌ల పెట్టినం. తెలియనోళ్లకు రెండు మాటల్ల చెప్త. ఇసొంటి బహిరంగ ప్రాజెక్టుల మార్పు ఎవరైనా పంపొచ్చు. దాన్ని అసలు దాంట్ల కలిపే అధికారం మాత్రం కొందరికే ఉంటది. గిట్‌హబ్ సంస్థ ఖాతాలల్ల ఈ అధికారానికి అయిదు మెట్లు. కింది మెట్టు చదువుడు, పై మెట్టు సర్వాధికారం. నిచ్చెనమెట్ల కులం గురించి క్లాసుల పాఠం చెప్పే నేను, పై మెట్టు మీద నా పేరు, నాతోటి లెక్చరర్ ఒకరి పేరు రాసిపెట్టిన. నియమాలు ఒక్క రాత్రిల నేనే రాసిన. దాంట్ల మూడోది: ‘ప్రతి పదానికి అచ్చయిన ఆధారం ఉండాలె.’

ఏడాది తర్వాత కాలేజీకి ఒక నివేదిక ఇయ్యాల్సొచ్చి, నేను కలపకుండ మూసేసిన మార్పులన్ని వరుసగ తెరిచి చూసిన. చూస్తా చూస్తా చేతులు చల్లబడ్డయి. నేను మూసినయి దాదాపు అన్ని మొదటిసారి పంపినోళ్లయి. వాడల నుంచి, గూడేల నుంచి వచ్చిన పిల్లలయి. కలిపినయి ఎక్కువగ ఇంట్ల పుస్తకాల అల్మారీ ఉన్నోళ్లయి.

ఉట్నూరు దిక్కు పిల్ల ఒకామె వాళ్ల తాత నోటి నుంచి నలబై తోలు పని మాటలు రాసుకొని పంపింది. మూడు నెలలు నేను తెరిచి చూడనే లేదు. తర్వాత ‘ఆధారం లేదు’ అని రెండు మాటలు రాసి మూసేసిన. ఆమె మళ్ల ఒక్క మాట కూడ పంపలేదు. ఫోన్ చేసి ఎందుకు పంపలేదమ్మా అని అడిగిన. “నాదే ఏదో తప్పయ్యిందనుకున్న మేడం” అన్నది.

ఆ రాత్రి నిద్ర పట్టలే. రచ్చబండ కాడ మా నాయిన కూడ గట్లనే అనుకునేటోడు కావచ్చు.

మిత్రులారా, దీన్ని నా ఒక్కదాని చెడుబుద్ధి కింద తీసేస్తే పాఠం పోతది. అక్కడ ఎవరి కులం ఎవరు అడగలేదు. తలుపు తెరిచే ఉన్నది. నియమం అందరికి ఒక్కటే. అయినా వడపోత ఊరు చేసినట్టే చేసింది.

మహద్ చెరువును యాది చేసుకోండ్రి. సార్వజనిక చెరువులు, బావులు అంటరానోళ్లకు తెరవాలని బొంబాయి శాసనమండలి 1923ల తీర్మానం చేసింది. 1924ల మహద్ మున్సిపాలిటీ కూడ చవదార్ చెరువు అందరిది అన్నది. మూడేండ్లు గడిచినా మనోళ్లు ఒక్కరు దోసిలి ముంచలేకపోయిన్రు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితోని పోయి నీళ్లు తాగితే, పై కులపోళ్లు కొట్టిన్రు, చెరువును శుద్ధి చేసుకున్నరు. అదే ఏడు ఆగస్టుల మున్సిపాలిటీ తన తీర్మానాన్ని ఎనక్కి తీసుకున్నది. బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చేసరికి 1937. తెరిచినమని రాసుడు ఒక పని. లోపలికి పోయినోడు ఎనక్కి నూకబడకుండ చూసుడు రెండో పని. ఆ రాత వాళ్లకు వాళ్లే కొట్టేసే వీలు లేకుండ చేసుడు మూడో పని. పాలన అంటే ఈ మూడూ.

సాఫ్ట్‌వేర్ లోకంల ఒక మాట బాగ నడిచింది: ‘ఇక్కడ పని చూస్తం, మనిషిని చూడం, మెరిట్ ఒక్కటే కొలత.’ మనం ఇనని మాటనా ఇది? అసలు ‘మెరిటోక్రసీ’ అనే మాటకు పేరు తెచ్చింది 1958ల మైకేల్ యంగ్ రాసిన వ్యంగ్య పుస్తకం. గట్టి హెచ్చరికగ రాస్తే లోకం దాన్ని మెచ్చుకోలు కింద పట్టుకున్నది. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మోజిల్లా 2018ల తన పాలన గురించి చెప్పేటప్పుడు ఆ మాట వాడుడు మానేసింది. తీరిక, ఇంట్ల కంప్యూటర్, ఇంగ్లిష్, అడిగితే చెప్పే అన్న – ఇవన్ని ఉన్నోడి పని ముందు కనవడ్తది. ఆ కనవడుడునే మనం ప్రతిభ అంటున్నం.

మన ఆదిలాబాద్ సంగతే చూడుండ్రి. నార్నూర్ మండలం గుంజాలల దొరికిన గోండి రాతప్రతుల లిపి 2018ల యూనికోడ్‌ల చేరింది. సంతోషమే. కాని యూనికోడ్‌ల ప్రతిపాదన ఎవరైనా పంపొచ్చు, ఓటు మాత్రం సభ్యత్వం కట్టిన సంస్థలది. ఎవరి అక్షరం, ఎవరి ఓటు?

అయితే నియమాలే వద్దందమా? ఆ ముచ్చట కూడ నిజంగ చెప్పాలె. మా పదకోశంల ఒక కులం పేరు కింద ఎవడో తిట్టును అర్థంగ రాసి పంపిండు. ఆధారం అడిగే నియమం ఉండబట్టే దాన్ని ఆపినం. నియమం లేని జాగల గొంతు పెద్దగున్నోడే రాజు. నచ్చకుంటే విడిపొండ్రి అని కూడ అంటరు. బహిరంగ సాఫ్ట్‌వేర్ల ఆ హక్కు ఉన్నది. 2010ల ఓపెన్ ఆఫీస్ నుంచి లిబ్రే ఆఫీస్ అట్లనే విడిపోయి నిలబడ్డది. తెలంగాణోళ్లకు విడిపోవుడు విలువ కొత్తగ చెప్పాల్నా? కాని వాడ ఎన్నడో ఊరి నుంచి విడిగనే ఉన్నది. విడిగ ఉంటే చెరువు మనకు రాలేదు. ఊరు, వాడ రెండూ మనయే అని పాట కట్టిన గూడ అంజయ్యది మన దండేపల్లి మండలమే.

మరి ఆధారం అంటే ఏంది? తోలు పని చేసిన మా పెద్దనాయినను అడిగిన. మోటకు తోలు తొండం ఎట్ల కుట్టేటోళ్లో గంటసేపు చెప్పి, “బిడ్డా, ఆ పుస్తకం రాసినోడు ఎన్నడన్న మోట కుట్టిండా?” అన్నడు. నాకు నా చదువే యాదికొచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం – వ్యవసాయం మీద 1962ల వచ్చింది, చేనేత మీద 1971ల వచ్చింది – రైతుల నోటి నుంచి, నేతగాళ్ల నోటి నుంచి ఏరుకున్న మాటలే కద. అచ్చయినంక ఆధారమైన మాట, అచ్చు కాకముందు ఎట్ల నిరాధారమైతది? వికీపీడియా లోకంల కూడ అచల్ ప్రభల 2011ల ఇదే ప్రశ్న అడిగిండు. అచ్చుకెక్కని జ్ఞానానికి నోటి మాటను రికార్డు చేసి ఆధారంగ చూపొచ్చని మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికా సెపెడి భాషలల్ల చేసి చూపించిన్రు.

అందుకే ఈసారి నియమాలు నేను ఒక్కదాన్నే రాయలేదు. రెండు ఆదివారాలు అందరం కూసొని రాసుకున్నం.

ఒకటి. చెప్పినోళ్ల ఒప్పుకోలుతోని రికార్డు చేసిన గొంతు ఆధారమే. ఊరు, పని రాయాలె. పేరు వాళ్ల ఇష్టం. ఒక్కరే చెప్తే ‘ఒకరి మాట’ అని గుర్తు పెడ్తం గని పారేయం.

రెండు. మొదటిసారి పంపినోళ్ల మార్పును ఏ ఒక్కరు మూసేయొద్దు. ఇద్దరు చూడాలె. పదిహేను దినాలల్ల, తెలుగుల, ఏం కలిపితే సరిపోతదో చెప్పాలె.

మూడు. తాళంచెవి పనిని బట్టి. ఏ ఫోల్డర్ల మార్పుకు ఎవరి ఒప్పుకోలు కావాల్నో రాసిపెట్టే ఫైలు గిట్‌హబ్‌ల ఉంటది. తోలు మాటలకు ఆ పని చేసిన ఇండ్లోళ్లు, గోండి, కొలామి మాటలకు ఆ భాష మాట్లాడేటోళ్లు. ముసలోళ్లు వాట్సాప్‌ల గొంతుతోని ‘అవును’ అంటే చాలు, మీట నొక్కేది పిల్లలు.

నాలుగు. తాళంచెవి ఎవరి తానైనా రెండేండ్లే. సగం ఆడోళ్ల చేతులల్ల ఉండాలె.

అయిదు. ఈ నియమాలు మార్చాల్నంటే నెల ముందు అందరికి చెప్పాలె, కారణం రాయాలె. మహద్ మున్సిపాలిటీ లెక్క ఒక్క పూటల ఎనక్కి తీసుకునేది లేదు.

ఇవి గూడ తప్పులు పడ్తయి. అచ్చు లేని మాటల నడుమ అబద్ధాలు చొరబడొచ్చు. చూసేటోళ్లకు తీరిక దొరకక ఆలస్యం కావొచ్చు. కాని ఈసారి తప్పు పడితే అడిగే జాగ ఉన్నది, అడిగినోళ్లకు జవాబు చెప్పాల్సిన మనిషి ఉన్నది.

ఉట్నూరు పిల్ల నలబై మాటలను నేనే మళ్ల తెరిచిన. క్షమించమని తెలుగుల రాసిన. తోలు మాటల తాళంచెవి ఇప్పుడు ఆమె తాన, మా పెద్దనాయిన తాన ఉన్నది. ఆమె చేసిన మొదటి పని, నేను పంపిన ‘తొండం’ అర్థాన్ని ఆపుడు. తాతనొకసారి అడిగి చెప్త మేడం అన్నది. వారమైంది, ఇంకా చెప్పలేదు. ఎదురు చూస్తున్న.

మీ ఇంట్ల మోట తోలినోళ్లు, చెప్పులు కుట్టినోళ్లు, డప్పు మూసినోళ్లు ఉంటే ఫోన్ దగ్గర పెట్టి పది మాటలు చెప్పించుండ్రి. వాళ్లను అడిగినంకనే పంపుండ్రి. అచ్చయిన ఆధారం అక్కర్లేదు.

డప్పు ముచ్చట వచ్చే వారం.

జై భీమ్.