మామగారి తుపాకి

మా కోడూరి యింట నొక రెండుగొట్టముల తుపాకి కలదు. అది మా మామగారిది. చలికాలమున బాతులవేటకై దానిని భుజమున వైచికొని తెల్లవారకమున్నే వెళ్లెడివారట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినపిదప ఆ వేట ముగిసెను. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనలో ఇల్లును పోయెను, మామగారును పోయిరి. తుపాకి యున్న పెట్టె మాత్రము బురదలో దొరికినది. ఆయన ముట్టిన వస్తువు మరియొకటి మాకు మిగులలేదు. ఏటేట ఆ దినమున మా అత్తగారు కొబ్బరినూనె పూసి దానిని తుడుచుచుండిరి.

నా మనుమరాలు కాలేజీలో ఎన్.సి.సి.యందు చేరి రైఫిలు కాల్చుట నేర్చినది. గాలిలోని కెగురవేసిన మట్టిబిళ్లలను గొట్టు క్రీడపై దానికిప్పుడు మనసైనది. "మామ్మా, తాతయ్యగారి తుపాకి బాగుచేయించరాదా? క్రొత్తది కొనుట కెంత ఖర్చో!" అని యడిగెను. నాకును ముచ్చట వేసినది. లైసెన్సు మావారి పేర నున్నది కనుక, ముగ్గురమును ఆ కాగితములతో బెజవాడలోని లైసెన్సుగల మరమ్మతుదారునొద్దకు పోయితిమి.

అతడు తుపాకిని విప్పి, గొట్టములను వెలుతురునకెత్తి చూచెను. విరిగిన కుందాకు క్రొత్త కొయ్య వేయవచ్చుననియు, వదులైన కీలు బిగింపవచ్చుననియు చెప్పి, గొట్టములకడ ఆగిపోయెను. లోపల ఉప్పునీరు తినిన గుంటలు! పైన నున్న అలలవంటి చారలను మేము అందమనుకొంటిమి. ఇనుము ఉక్కు బద్దీలను మెలిపెట్టి చుట్టి అతికిన పాతకాలపు గొట్టములట అవి. పొగవచ్చు నల్లని తుపాకిమందుకై చేసినవగుటచే, నేటి పొగరాని మందు ఒత్తిడికి అతుకులు విడవచ్చును. తూటా కూర్చు చోటును పొట్టిదే. నేటి తూటాలు 70 మిల్లీమీటర్లవి, అది 65 వానికి చేసినది. అట్టిచోట తూటామూతి పూర్తిగా విచ్చుకొనక ఒత్తిడి మరింత పెరుగును.

వేటగాడు దినమునకు నాలుగైదు తూటాలు కాల్చును. ఈ క్రీడలోనో ఒక్కొక్క వరుసకు 25 బిళ్లలు. ఒలింపిక్సులో తొలిపోటీకే 125. సాధనకు ఇంకెన్నియో!

"రెండుమూడు తూటాలైన ఆగునేమో," అనిరి మావారు. నేనడిగితిని: "అయ్యా, కాల్చునప్పుడు గొట్టము క్రింద ఎడమచేయి యుండును, కుందాపైన చెంప యుండును. మీ బిడ్డచేత కాల్పింతురా?" అతడు తలయూపి, "కాల్పించనమ్మా," అనెను.

బాగుచేయింపలేదు. ఆ సొమ్ముతో మనుమరాలిని హైదరాబాదున శిక్షణకు పంపితిమి. అక్కడి సంఘమువారి తుపాకితో, గురువు ప్రక్కన నుండగా నేర్చుకొనుచున్నది. హైదరాబాదు యువకుడు కైనాన్ చెనాయ్ ఈ క్రీడలోనే 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలందు కాంస్యము గెలిచెనని దానికొక ధైర్యము.

సోదరీమణులారా, పాతవస్తువును బాగుచేయింపబోవునప్పుడు ముందు ఖర్చెంతయని యడుగకుడు. లోపలి బలమెంతయని యడుగుడు. మా అత్తగారు పైన పూసిన నూనెతో లోనితుప్పు ఆగలేదు. అయినను ఆ ప్రేమ వ్యర్థమనను. లైసెన్సు చూపి కాపాడుకొనుచునే యున్నాము. ఈ నవంబరున నేనును మనుమరాలును కలసి తుడిచితిమి. కాల్చుటకు కాదు.