ఆగే పతలా, పీఛే చౌడా

ఇరవై ఏళ్ళుగా పత్రికలో అనువాదాలు చేస్తున్నా. అయినా 'స్టాగర్డ్ వీల్స్' అన్న మాటకు నాకు తెలుగు దొరకలేదు. 'అసమాన చక్రాలు' అంటే బండికి ఏదో బీమారీ వచ్చినట్టుంటుంది. టోలీచౌకీలో టైర్ల దుకాణం నడిపే నా దోస్తు ఆ పని నాలుగు మాటల్లో తేల్చేశాడు. "ఆగే పతలా, పీఛే చౌడా." ముందు సన్నం, వెనక వెడల్పు. ఇంతకన్నా సాఫ్ తర్జుమా నా వల్ల కాదు.

ఈ మాటతో నాకు పని పడింది మా ఆపా కొడుకు వల్ల. నా భాంజా ఆరేళ్ళు రియాద్‌లో పరాయివాళ్ళ కార్లు నడిపి వచ్చాడు. వచ్చిన ఏడాదే తన కమాయీలోంచి సెకండ్ హ్యాండ్‌లో 2013 నాటి బీఎండబ్ల్యూ 328ఐ కొన్నాడు. ఆపా నెల రోజులు వాడితో సరిగా మాట్లాడలేదు. ఆ పైసలకు ఇంటి మీద ఇంకో రెండు గదులు పడేవని ఆమె హిసాబ్. వాడి హిసాబ్ వేరు. ఆరేళ్ళు వేరేవాళ్ళ తాళంచెవి చేతిలో పట్టుకుని తిరిగినోడికి, ఒక్క తాళంచెవి అయినా తనదై ఉండాలన్న షౌక్ ఉండదా? నేను వాడి తరఫునే ఉన్నా.

కారుతో షౌక్ ఆగలేదు. కంపెనీ వేసిచ్చిన 17 అంగుళాల చక్రాలు వాడికి 'సాదాసీదా'గా కనిపించాయి. ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నుంచి 18 అంగుళాల అలాయ్‌లు తెప్పించాడు. ముందువి 8 అంగుళాల వెడల్పు, వెనకవి 9.5. అమ్మినాయన ఫోన్‌లో "హండ్రెడ్ పర్సెంట్ ఫిట్" అన్నాడట. డబ్బాలు ఇంటికొచ్చాయి. ఇక బిగించడమే తరువాయి.

వెనక చక్రాలు వెడల్పుగా ఉండటం ఒట్టి నఖరా అనుకోకండి. ఈ కారులో ఇంజన్ బలమంతా వెనక చక్రాలకే పోతుంది. రోడ్డును నెట్టేది అవే కాబట్టి వాటికి పట్టు ఎక్కువ కావాలి. ముందు చక్రాలకు తిరగడం, ఆగడంలో పెద్ద భాగం. పైగా వెనక పట్టు ఎక్కువుంటే మలుపులో తోక జారదు. అందుకే ఇదే మోడల్‌కు కంపెనీవాళ్ళే ముందు 225, వెనక 255 మిల్లీమీటర్ల టైర్లతో 18 అంగుళాల జోడీ ఇస్తారు. ముందు చక్రాలే బండిని లాగే కార్లకు వెనక చౌడా చక్రాలు వేస్తే అది చూపులకే.

"నా దోస్తు దగ్గరికి పోదాం పద" అన్నాను. భాంజా మొహం చిట్లించాడు. "మామూ, ఆయనది పంచర్ దుకాణం గదా. బీఎండబ్ల్యూ పని ఆయనకేం తెలుస్తది?"

ఆ మాట నాకు కొత్త కాదు. నా వార్త నచ్చని పాఠకులు కొందరు, వార్త చదవకుండా పేరు మాత్రమే చదివి, "పోయి పంచర్లు వేసుకో" అని రాస్తుంటారు. మన పేర్లకు వాళ్ళు అతికించిన గాలి అది. దానికి నేను అలవాటు పడ్డాను. కానీ అదే మాట మా ఇంటి పిల్లోడి నోట, మనవాడి గురించే రావడం వేరేగా గుచ్చుకుంది. వాడికి జవాబు చెప్పలేదు. కారు ఎక్కమన్నా, అంతే.

నా దోస్తూ నేనూ మా ఊరి సర్కారీ ఉర్దూ మీడియం స్కూల్లో ఏడో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. అబ్బా చనిపోవడంతో వాడు హైదరాబాద్ వచ్చి ఒక టైర్ల దుకాణంలో ఛోటాగా చేరాడు. నేను చదువుతూ చదువుతూ తెలుగు డిగ్రీ దాకా పోయాను. ఇప్పుడు వాడి దగ్గర ముగ్గురు షాగిర్దులు, టైర్లు విప్పే మిషన్, బ్యాలెన్సింగ్ మిషన్ ఉన్నాయి. బయట బోర్డు మీద మాత్రం ఇప్పటికీ మొదటి మాట 'పంచర్' అనే. "దానికి సిగ్గెందుకు మియా, దుకాణం దాంతోనే నిలబడింది" అంటాడు.

ఉస్తాద్ డబ్బాలు విప్పించి, కారు కన్నా ముందు చక్రాల వీపు చూశాడు. లోపలి వైపు పోతపోసిన అంకెలు ఉంటాయి. ముందు వాటికి 8జె, ఈటీ 35. వెనక వాటికి 9.5జె, ఈటీ 35. ఎంత బరువు మోస్తాయో రాసిన గుర్తు ఉందా, అంచుల్లో సన్న పగులు ఉందా అని ఒక్కో చక్రాన్ని తిప్పి, వేలితో తడిమాడు. తర్వాత ఒక మాట అన్నాడు. "టైర్ ఎక్కించేది తర్వాత. టైర్ ఎక్కినంక వాపస్ తీసుకోరు. ముందు ఖాలీ చక్రం పెట్టి చూద్దాం."

ఇక్కడ ఈటీ గురించి చెప్పాలి. అందరూ వెడల్పు చూస్తారు గానీ అసలు కిటుకు దీంట్లో ఉంది. చక్రం వెడల్పుకు సరిగ్గా నడిమధ్య ఒక గీత ఊహించుకోండి. హబ్‌కు ఆనే ముఖం ఆ గీత నుంచి బయటివైపు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో ఆ అంకే ఈటీ. అంకె పెద్దదైతే చక్రం బండి లోపలికి పోతుంది, తగ్గితే బయటికి వస్తుంది. కంపెనీవాళ్ళ వెనక చక్రం 8.5జె, ఈటీ 47.

ఉస్తాద్ చాక్‌పీసు తీసుకుని గచ్చు మీదనే లెక్క వేశాడు. "సాడే నౌ మే సే సాడే ఆఠ్ తఫ్రీఖ్, ఏక్ ఇంచ్. 25.4 కో దో సే తఖ్సీమ్, 12.7. సైంతాలీస్ మే సే పైంతీస్ తఫ్రీఖ్, బారా. దోనో జమా." కింద 24.7 అని రాసి గీత గీశాడు. అంటే కంపెనీ చక్రంతో పోలిస్తే ఈ చక్రం దాదాపు ఒక అంగుళం బయటికి వస్తుంది.

నేను లెక్కను వదిలేసి ఆ మాటల దగ్గరే ఆగిపోయాను. జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీమ్. మా ఐదో తరగతి హిసాబ్ మాటలు. అడ్డుకొలతకు 'కుత్ర్', దాంట్లో సగానికి 'నిస్ఫ్ కుత్ర్', నడుమకు 'మర్కజ్' అంటాడు వాడు. డిగ్రీకి వచ్చేసరికి నేను వ్యాసం, వ్యాసార్ధం అని మార్చుకున్నాను. ఆ పాత మాటలు నాకు యాదిలో మాత్రమే మిగిలాయి. వాడి చేతిలో అవి ఇప్పటికీ పని చేస్తున్నాయి, రోజీ తెస్తున్నాయి.

ఖాలీ చక్రం బిగించి, ఫెండర్ అంచు నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీశాడు. తర్వాత కింది నుంచి జాక్‌తో సస్పెన్షన్ పైకి నొక్కాడు, బరువు పడ్డప్పుడు చక్రం ఎంత లోపలికి పోతుందో చూడటానికి. చక్రం అంచుకూ ఫెండర్‌కూ మధ్య తన చిటికెన వేలు పెట్టబోయాడు. పట్టలేదు. టైరు ఇంకా ఎక్కలేదు అప్పటికి.

భాంజా వైపు తిరిగాడు. "పీఛే కౌన్ బైఠ్‌తే?"

"అమ్మీ, బీవీ, బేటీ."

"తో నక్కో."

భాంజా ఒప్పుకోలేదు. ఫెండర్ లోపలి అంచు మడిచేస్తే జాగా వస్తుందని వీడియోల్లో చూశానన్నాడు. ఉస్తాద్ విసుక్కోలేదు. అంచు మడిస్తే రంగు పగులుతుంది, అక్కడ నీళ్ళు చేరి తుప్పు పడుతుంది అని చెప్పాడు. "నువ్వొక్కడివే పోతే ఏం గాదు బేటా. వెనక ముగ్గురు కూచొని స్పీడ్ బ్రేకర్ మీద బండి దిగితే, రేకు అంచు టైర్ గోడను కోస్తది. నడుమ మేకు దిగితే పంచర్ వేస్తా. గోడ తెగితే దునియాలో ఎవరూ వెయ్యలేరు."

అమ్మిన దుకాణం మొదట ఫోన్ ఎత్తలేదు. ఎత్తాక, బిగించేవాడికి పని రాదని చెప్పింది. ఖాలీ చక్రం, దారం, వేలు కనిపించేలా తీసిన ఫొటోలు పంపాక, రానూపోనూ కిరాయి మేమే భరిస్తే మార్చి ఇస్తామంది. ఏవి కావాలో ఉస్తాదే చెప్పాడు: అదే డిజైన్‌లో 9జె, ఈటీ 42. ఈసారి లెక్క నేనే వేశాను. 6.35కు 5 జమా, 11.35. అంగుళంలో సగం కూడా లేదు. చిటికెన వేలు పట్టింది.

బిగించిన రోజు నేను సెలవు పెట్టుకుని మరీ పోయాను. టైర్లు ముందు 225/45, వెనక 255/40. రెండో అంకె టైర్ గోడ ఎత్తు, వెడల్పులో శాతం. వెనక వెడల్పు పెరిగింది కాబట్టి శాతం తగ్గాలి. అలా తగ్గిస్తే ముందు టైర్ కుత్ర్ 659.7, వెనకది 661.2 మిల్లీమీటర్లు. తేడా ఒకటిన్నరే. వెనక కూడా 45 వేస్తే తేడా 27కు పోయేది, చక్రాల వేగాన్ని పోల్చి చూసే ఏబీఎస్ తికమక పడేది.

ఇంకో చిన్న ఫరక్ ఉంది. కారు హబ్ 72.6 మిల్లీమీటర్లు. ఈ చక్రాల నడిమి రంధ్రం 74.1. ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ సందులో రింగు వేయకపోతే చక్రం మర్కజ్‌లో కూర్చోదు, స్పీడ్ పెరగ్గానే స్టీరింగ్ వణుకుతుంది. ఉస్తాద్ రింగులు తొడిగి, హబ్ మీది తుప్పు బ్రష్‌తో గీకి, బోల్టులు ముందు చేత్తోనే తిప్పాడు. తర్వాత ఒకటి విడిచి ఒకటి, టార్క్ రెంచ్‌తో 140 న్యూటన్ మీటర్లకు. ఎయిర్ గన్ పక్కనే ఉంది, ముట్టుకోలేదు. "గన్‌కు జోర్ తెలుసు, హద్ తెల్వదు" అన్నాడు. భాంజా ఆ మాటకు నవ్వాడు. ఆ రోజు పొద్దటి నుంచీ వాడు 'ఉస్తాద్' అనే పిలుస్తున్నాడు.

నాకు తెలిసిన కాయిదా నేను చెప్పాను. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్‌ను ఇష్టమొచ్చినట్టు మార్చనివ్వదు. చక్రాలు మార్చిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్ళకు రాసి పంపమన్నాను. ఉస్తాద్ చెప్పినవి ఇంకా పనికొచ్చేవి. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చే వీలు ఇక లేదు. వెనకవి జల్దీ అరుగుతాయి, ఆ ఖర్చు ఇప్పటినుంచే పక్కన పెట్టు. పాతవి గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్‌లు, ఇవి మామూలువి. డిక్కీలో స్టెప్నీ లేదు, అందుకని పంచర్ కిట్టూ గాలి పంపూ పెట్టుకో. ఫ్యామిలీతో హైవే ఎక్కితే ఆ రెండూ ఉన్నాయో లేదో చూసుకో.

వంద కిలోమీటర్లు తిరిగాక వచ్చి బోల్టులు మళ్ళీ చూపించుకోమన్నాడు. భాంజా వారంలోనే వెళ్ళాడు, నాకు చెప్పకుండా. ఆపా ఫోన్ చేసి చెప్పింది. వెనక సీట్లో కూర్చుని తానూ దుకాణం దాకా పోయిందట. "పిల్లగాడు నీ దోస్తు పక్కన నిలబడి ఇరవై బోల్టులూ లెక్కబెట్టిండు. ఒక్కోదానికి టిక్కుమని చప్పుడొచ్చే దాకా ఆగిండు" అంది. చక్రాలు ఎట్లున్నాయని అడిగితే, "నాకేం తెలుసు, లోపల కూచున్నోళ్ళకు చక్రాలు కనిపిస్తయా" అని నవ్వింది.