తెలుపు పలికే సాక్ష్యం

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలలకు రెండు రంగులు ప్రాణం. పగిలిన పత్తికాయలోని తెలుపు ఒకటి. కల్లంలో ఆరబోసిన మిరపకాయ ఎరుపు మరొకటి. రైతు శ్రమకు వెలకట్టడంలో ఈ రంగులదే పెద్దపాలు. గుంటూరు మిరప యార్డులో వ్యాపారి గుప్పెడు కాయలను వెలుతురుకు పట్టి చూస్తాడు. రంగు చెడిన కాయ ‘తాలు’గా వేరుపడుతుంది, ధర దిగజారుతుంది. కనుక రంగును ఉన్నది ఉన్నట్లు చూడటం ఇక్కడ వేడుక కాదు, జీవిక.

అటువంటి రైతుబిడ్డ ఒకడు నీరు చొరని పెట్టెలో వీడియో కెమెరాను భద్రపరచి, విశాఖ తీరాన సముద్రంలోకి దిగాడని ఊహిద్దాం. అతని చేతిలో తండ్రి కల్లంలోని ఎండుమిరపకాయ ఉంది. అయిదు మీటర్ల లోతుకే దాని ఎరుపు వన్నె తగ్గుతుంది. పది మీటర్లు దాటేసరికి కాయ నల్లబారి కనిపిస్తుంది. మారినది కాయ కాదు. దానిపై పడే వెలుగు. సూర్యకాంతిలోని ఎరుపును నీరు ముందుగా హరిస్తుంది. నీలం మాత్రం లోతులకు చేరుతుంది. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్, 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిమను పరిశీలించి, అది కేవలం ఆకాశపు ప్రతిబింబం కాదనీ, నీటి అణువులే కాంతిని వెదజల్లుతున్నాయనీ తెలిపాడు.

మనిషి మనస్సు చాలావరకు సర్దుకుంటుంది. దీపపు వెలుగులోనూ, ఎండలోనూ తెల్లపంచె తెల్లగానే తోస్తుంది. కెమెరాకు ఆ జ్ఞాపకం లేదు. దానికి తెలుపు ఏదో చూపించాలి. అందుకే ఈతగాడు తెల్లని పలకను వెంట తీసుకువెళతాడు. చిత్రీకరించే లోతులోనే దానిని వెలుగుకు ఎదురుగా నిలిపి, దృశ్యమంతా పలకే నిండేటట్లు చూసి, పెట్టె మీది మీట నొక్కుతాడు. ‘ఇదే తెలుపు’ అని గ్రహించిన కెమెరా ఎరుపును పెంచి, నీలాన్ని తగ్గిస్తుంది. దీనినే వైట్ బ్యాలెన్స్ అంటారు. కొన్ని మీటర్లు దిగినా, ఎక్కినా మరల పలకను చూపవలసిందే.

అయితే పూర్తిగా అంతరించిన ఎరుపును ఏ మీటా తిరిగి తేలేదు. మరీ లోతున దీపం వెలిగించాలి; అప్పుడు ఆ దీపానికి తగిన కొలత వేరు.

ఆ యువకుడు కొలతను మార్చకుండానే ఒడ్డుకు వచ్చి, అదే కెమెరాతో కల్లాన్ని చిత్రీకరిస్తే ఏమవుతుంది? ఎరుపు మితిమీరి, తాలుకాయ సైతం మేలిరకమై మెరుస్తుంది. ఆ చిత్రం చూసి ధర కట్టిన వ్యాపారి నష్టపోతాడు. పలక చూపకుండా నీటిలో తీసిన చిత్రం చూసి ధర కడితే రైతు నష్టపోతాడు. రెండింటిలోనూ కాయ నిర్దోషి. తీర్పు చెప్పబోయే ముందు, నిలిచిన చోటనే ఒకసారి తెల్లపలకను చూసుకోవడం కెమెరాకే కాదు, మనిషికీ అవసరమే.