ఐత్వము చేసిన అల్లరి



నా శ్రీమతి స్వర్గస్థురాలై మూడేళ్లయింది. తన పుట్టినూరి సేద్యపు మాటలను ఆమె చాలా ఏళ్లపాటు కంప్యూటరులో పొందుపరచింది. ఒక్కొక్క మాటకు ఎదురుగా తన తల్లి నోట విన్న వాక్యమొకటి వ్రాసింది. దానిని పుస్తకంగా వేయించే తలంపుతో నేను అకారాదిగా పదసూచిక కూర్చుకున్నాను. ఈ రెండు పట్టికలనూ ప్రతిరాత్రీ సరిపోల్చి తేడాలు తెలిపే ప్రోగ్రామును మా అబ్బాయి వ్రాసిపెట్టాడు. అది తెరవెనుక నడిచేది. తెల్లవారేసరికి జాబితా సిద్ధంగా ఉండేది.

సూచిక పూర్తయిందనుకున్న మరునాడు చూస్తే, ఆమె మాటలలో అరవై పైచిలుకు "సూచికలో లేవు" అని ఉన్నది. టైపు దోషాలు కాబోలు, తీసివేద్దామని చేయి చాచాను. మొదటి మాట "పైరగాలి". దానిని సూచికలో నేనే చేర్చిన జ్ఞాపకం. చేయి ఆగింది.

అబ్బాయికి ఫోను చేశాను. "నాన్నగారూ, దేన్నీ తొలగించకండి. ముందు నకలు తీసి దాచండి" అన్నాడు. తెరవెనుక పనితో చిక్కేమిటంటే, లోపల పొరపాటు జరిగినా చడీచప్పుడు లేకుండా "పూర్తయినది" అని ముగియగలదు. అందుచేత ప్రతి అడుగునూ దినచర్యలాగ వ్రాసుకొనేటట్లు దానిని మార్చి, ఒక్క మాటను మాత్రమే ఇచ్చి పగటిపూట నడిపించాడు. లెక్కలో లోపం దొరకలేదు. ఒకే మాట రెండు పట్టికలలోనూ ఉన్నది; అయినా సమానం కాదంటుంది!

ఆ జాబితాను అచ్చుతీయించి, పిల్లల జవాబుపత్రాలు దిద్దినట్లు ఎర్రకలంతో కూర్చున్నాను. పైరగాలి, రైతు, కైలు, పైపంట... అన్నింటా ఐత్వమే! ఐత్వం లేని మాట ఒక్కటీ లేదు.

ఈ సంగతి చెప్పగానే అబ్బాయి అక్షరాలను వదలి వాటి సంకేత సంఖ్యలను పరిశీలించాడు. యూనికోడులో ఐత్వానికి 3144 అనే ఒకే సంఖ్య ఉన్నది. ఎత్వానికి 3142, క్రింద వచ్చే ఐత్వపు గుర్తుకు 3158. ఈ రెండూ చేర్చినా తెరపై అదే రూపం. పాత ఫాంటులో ఆమె వ్రాసినదానిని యూనికోడులోకి మార్చిన సాధనం ఐత్వాన్ని రెండు ముక్కలు చేసింది. నా సూచికలో అది ఒకే ముక్క. కంటికి ఒకటి, యంత్రానికి రెండు. పోల్చడానికి ముందు ఉభయాన్నీ ఒకే రూపానికి తెచ్చే "నార్మలైజేషన్" చేర్చగానే ఆ జాబితా ఖాళీ అయింది.

బ్రౌను దొర కడపలో పండితులను నియమించి తాళపత్రప్రతులను సరిపోల్చించిన సంగతిని తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. పాఠాంతరం కనబడగానే కొట్టివేయరాదు, అది ఎందుకు వచ్చినదో విచారించవలె అని కూడా చెప్పాను. ఆనాడు ఇంట్లో ఆ పాఠం నేనే మరచిపోబోయాను.

"పైరగాలి" ఎదుట ఆమె వ్రాసిన వాక్యం ఇది: "పైరగాలి తగిల్తే పొద్దంతా కోసిన నడుమునొప్పి మరిచిపోయేది మా అమ్మ."