కొట్టం గోడ నుంచి గాజుపలక దాకా

గోమార్లను గుర్తుపట్టే పని పశువు ఒంటి మీదనే మొదలవుతుంది. కోయిలకుంట్ల దగ్గరి ఒక పల్లెలో, ఈ వ్యాసం కోసం చూసిన కొట్టంలో రెండు ఆవులు, ఒక ఎనుము, పక్క దొడ్డిలో కొన్ని గొర్లు ఉన్నాయి. చెవి లోపల, గంగడోలు మడతల్లో, పొదుగు పైన, తోక మొదట్లో వేళ్ళతో తడిమితే చాలు, గోమార్లు తగులుతాయి. వీటికే పిడుదులని ఇంకో పేరు. రక్తం తాగి శనగగింజంత ఉబ్బినవి ముందుగా కంటబడతాయి గానీ గుర్తింపుకు అంతగా అక్కరకు రావు. ఒళ్ళు సాగేకొద్దీ దాని అంచున ఉండే గాట్లు మాసిపోతాయి. ఉబ్బని మగవాటిని వెతికి పట్టుకోవాలి. పీకేటప్పుడు మూతి తెగి చర్మంలోనే ఉండిపోతే సగం ఆనవాలు పోయినట్టే. అందుకే ఫోర్సెప్స్‌ను చర్మానికి ఆనించి పట్టి, నెమ్మదిగా లాగి, 70 శాతం ఆల్కహాలు ఉన్న సీసాలో వేస్తారు. ఏ పశువు, ఒంట్లో ఏ చోటు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది చీటీ మీద పెన్సిలుతో రాసి అందులోనే పడేస్తారు. పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. చీటీ లేని సీసా దేనికీ కొరగాదు.

గోమారి కీటకం కాదు, సాలీడుకూ తేలుకూ చుట్టం. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్ళు, ఆ తర్వాతి దశల్లో ఎనిమిది. వీపున గట్టి పెంకు ఉన్నవి ఒక కుటుంబం, పెంకు లేని మెత్తనివి ఇంకో కుటుంబం. పెంకు మగదానికి వీపంతా కప్పుతుంది, ఆడదానికి ముందు భాగాన్నే. మెత్తనివాటిని చూడాలంటే కోళ్ళగూడు దగ్గరికి పోవాలి. ఆర్గస్ పెర్సికస్ పగలంతా సందుల్లో దాగి, రాత్రి కోడి మీదికి ఎక్కుతుంది. కోళ్ళకు స్పైరోకీటోసిస్ తెచ్చే బొరేలియా ఆన్సెరినా అనే బ్యాక్టీరియాను మోసేది ఇదే.

పశువుల మీది గట్టివాటిని భూతద్దం కింద మూతిని బట్టి వేరు చేస్తారు. మూతి పొట్టిగా, దాని మొదలు ఆరు మూలలుగా ఉంటే రిపిసెఫాలస్. అందులో మైక్రోప్లస్ జాతిని చాలాకాలం బూఫిలస్ అన్నారు. 2003లో ఆ పేరును రిపిసెఫాలస్‌లో కలిపేశారు, పాత పుస్తకాలు చదివేవారు తికమకపడేది ఇక్కడే. మూతి పొడవుగా, కాళ్ళ కీళ్ళ దగ్గర తెల్లని పట్టీలు ఉంటే హయలోమా. కళ్ళు లేకుండా, మూతి పక్కనున్న స్పర్శాంగాలు మధ్యలో బయటికి పొడుచుకొస్తే హీమాఫైసాలిస్.

ఈ తేడా పేర్లతో ఆగదు. మైక్రోప్లస్ పిల్లగా ఎక్కిన పశువు మీదనే సుమారు మూడు వారాల్లో పెరిగి, గుడ్లు పెట్టడానికే కిందికి రాలుతుంది. హయలోమా అనటోలికం మధ్యలోనే దిగి, గోడ సందుల్లో పొర విడుస్తుంది. నాపరాళ్ళు పేర్చి కట్టిన కొట్టాలున్న ఈ సీమలో దానికి ఇళ్ళ కరువు లేదు. మైక్రోప్లస్‌కు మందు పశువు ఒంటికి కొట్టాలి, హయలోమాకు గోడకు కూడా.

గోమారి పేరు తెలిసినంత మాత్రాన పశువు రక్తంలో ఏముందో తెలియదు. దానికి పశువు చెవి నరం నుంచి తీసిన రక్తపు చుక్కను గాజుపలక మీద పలుచగా పరిచి, గీమ్సా రంగు వేసి చూస్తారు. ఎర్రకణం అంచున నల్లచుక్కలా కనబడేది అనాప్లాస్మా మార్జినాలె. 1910లో దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ దాన్ని వర్ణించాడు. బ్యాక్టీరియాయేనని తేలడానికి దశాబ్దాలు పట్టింది. 2001లో జన్యువుల పోలికను బట్టి ఎర్లిఖియా, అనాప్లాస్మాల కుటుంబాన్ని మళ్ళీ సర్దారు. రంగు మరక కూడా అచ్చం అలాంటి చుక్కలాగే ఉండటంతో, అలవాటు లేని కన్ను సులువుగా మోసపోతుంది.

ఈ బ్యాక్టీరియాలు జీవకణం లోపలే బతుకుతాయి, మామూలు అగార్ పళ్ళెంలో మొలవవు. కనుక పీసీఆర్‌తో 16ఎస్ జన్యువును పెంచి, అక్షరాల వరుస చదివి పేరు పెడతారు. ఇలాంటి పరీక్షకు సీసా వెళ్ళేముందు గోమారి పైతోలును కడగాలి, లేకుంటే పేడలోని సూక్ష్మజీవులూ లెక్కలోకి వస్తాయి. ఇంకో చిక్కుంది. రక్తంతో ఉబ్బిన గోమారిలో దొరికిన జన్యువు అది తాగిన రక్తంలోది కావచ్చు. బ్యాక్టీరియా దాని సొంత ఒంట్లో ఉందో లేదో తేల్చడానికి లాలాజల గ్రంథులను కోసి విడిగా పరీక్షిస్తారు. అక్కడ దొరికినా, ఆ గోమారి రోగాన్ని అంటిస్తుందనడానికి ఇంకా రుజువు కావాలి.

పశువుకు జ్వరం, రక్తహీనత, మేత మానేయడం అనాప్లాస్మా, బెబీసియా, థైలేరియా తెచ్చే మూడు రోగాల్లోనూ ఉంటాయి. మూత్రం కాఫీరంగులో పోతే బెబీసియాను, గ్రంథులు వాస్తే థైలేరియాను అనుమానిస్తారు. ఈ రెండూ బ్యాక్టీరియా కావు, ఏకకణజీవులు. అనాప్లాస్మాకు ఆక్సిటెట్రాసైక్లిన్ పనిచేస్తుంది. బెబీసియాకు డిమినజీన్, థైలేరియాకు బూపర్వక్వోన్ కావాలి. పైగా అనాప్లాస్మాకు గోమారే ఉండనక్కరలేదు, ఒకే సూదితో వరసగా పశువులకు ఇంజెక్షన్ చేసినా ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకుతుంది.