వారానికి ఒక్కరోజు మాత్ర

దురద కూడా ఒక జబ్బేనా అని తేలిగ్గా అనేస్తాం. రాత్రి రెండింటికి లేచి కూర్చుని, రక్తం వచ్చేదాకా మోచేతులు గీరుకునే మనిషిని చూస్తే ఆ మాట రాదు. మా వదినకి పదేళ్లుగా సోరియాసిస్. అడిక్‌మెట్‌లోనే, మాకు రెండు సందుల అవతల ఉంటుంది. మోచేతులు, మోకాళ్లు, తల వెనక ఎర్రటి మచ్చలు, వాటి మీద వెండి రంగు పొలుసులు. ఒక శ్రావణమాసం పేరంటంలో ఎవరో ఆవిడ కాళ్లకి పసుపు రాయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అప్పటినుంచి పేరంటాలు మానేసింది.

సోరియాసిస్ అంటుకోదండీ. శుభ్రత లేక వచ్చేదీ కాదు. మన రక్తంలోని తెల్లకణాల్లో టి కణాలని కొన్ని ఉంటాయి. క్రిములతో పోరాడటం వాటి పని. ఈ జబ్బులో అవి శత్రువు లేకుండానే యుద్ధానికి దిగుతాయి. అవి వదిలే రసాయనాల వల్ల, సుమారు నెల పట్టే చర్మం పైపొర పెరుగుదల నాలుగైదు రోజుల్లోనే జరిగిపోయి పొలుసులు కడుతుంది. ఆ గొడవే చర్మంలోని నరాలనీ రెచ్చగొడుతుంది. అదే దురద. అందుకే దద్దుర్లకి వేసుకునే అలర్జీ మాత్రలు వదినకి నిద్ర తెప్పించాయి గానీ దురద తగ్గించలేదు.

చివరికి చర్మవ్యాధుల డాక్టరు మెథోట్రెక్సేట్ రాశారు. అది క్యాన్సర్‌కి కూడా వాడతారని తెలిసి వదిన వణికిపోయింది. అప్పుడు నేను యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ చెప్పాను. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించారు. ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసిందీ, దానికి అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందుల్ని తెచ్చిందీ ఆయన బృందమే. 1951లో గబ్నర్ అనే అమెరికా డాక్టరు కీళ్లవాతానికి అమినోప్టెరిన్ ఇచ్చి చూస్తుంటే సోరియాసిస్ మచ్చలు కూడా తగ్గాయి. అది చూడటానికి సుబ్బారావు గారు లేరు, 1948లోనే పోయారు.

"మన భీమవరం ఆయన మందా? అయితే వేసుకుంటాలే" అంది వదిన.

మాత్ర వారానికి ఒక్కరోజే. మిగతా రోజుల్లో డాక్టరు చెప్పినట్టు ఫోలిక్ యాసిడ్. మెథోట్రెక్సేట్‌ని రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అయినా ఒకసారి మందుల షాపులో కుర్రాడు కవరు మీద "రోజుకొకటి" అని రాసిచ్చాడు. చీటీతో సరిచూసుకున్నాం కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి తెలుగు క్యాలెండర్‌లో ప్రతి గురువారం ఎర్ర చుక్క పెడుతున్నాను.

రెండు నెలలకి దురద తగ్గి, వదిన తెల్లారేదాకా నిద్రపోయింది. అక్కడితో రక్తపరీక్షలు ఆపేద్దామంది. నేను ఒప్పుకోలేదు. రెచ్చిపోయిన కణాల్ని అదుపుచేసే మందు, మనకి కావలసిన తెల్లకణాల్నీ తగ్గించవచ్చు, లివర్‌నీ దెబ్బతీయవచ్చు. మూడో నెల పరీక్షలో తెల్లకణాలు కాస్త తగ్గాయి. డాక్టరు డోసు తగ్గించారు. పరీక్ష చేయించకపోతే ఆ సంగతి తెలిసేదే కాదు. నోట్లో పుండ్లు, జ్వరం, ఆయాసం వస్తే గురువారం దాకా ఆగకుండా వెంటనే చూపించుకోమన్నారు.

ఇప్పుడు ఇంటర్‌ల్యూకిన్-17 అనే ఒక్క రసాయనాన్నే ఆపే సెకుకినుమాబ్ లాంటి ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. దురద త్వరగా తగ్గుతుంది గానీ ఖర్చు ఎక్కువ. మొదలుపెట్టేముందు టీబీ పరీక్ష తప్పనిసరి.

పిల్లలు కావాలనుకునే అమ్మాయిలు ఒక మాట గుర్తుపెట్టుకోండి. గర్భిణులు మెథోట్రెక్సేట్ వాడకూడదు. ఆ ఆలోచన ఉంటే డాక్టరుకి ముందే చెప్పాలి, మొహమాటం వద్దు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వేసుకుంటుంటే, ఇవాళే ఆ కవరు తీసి ఏ రోజు వేసుకోమని రాసి ఉందో చూడండి. చివరి రక్తపరీక్ష ఎప్పుడు చేయించారో కూడా అడగండి.