మంచుకొండ మీద బంతి భోజనం

మంచు మీద జారడానికి కూడా టికెట్ కొనుక్కుంటారంటే మీరు నమ్ముతారా? నేనూ మొదట నమ్మలేదు. మన ఎండలు ఎరిగినవాళ్లకి మంచంటే ఫ్రిజ్‌లో గడ్డ కట్టేదే కదా! 2023 జనవరిలో సియాటిల్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు, "అమ్మా, శనివారం స్టీవెన్స్ పాస్‌కి వెళ్దాం. పాప స్కీయింగ్ నేర్చుకుంటోంది, చూద్దువుగాని" అంది. ఏడేళ్ల పిల్లని కొండ మీంచి జారనిస్తారా అని నా గుండె దడదడలాడింది. అయినా పులిహోర కలిపి డబ్బాలో సర్దుకుని బయల్దేరాను.

సియాటిల్ నుంచి తూర్పుగా సుమారు 130 కిలోమీటర్ల దూరం. దారి పొడుగునా మంచు మోస్తూ నిలబడ్డ చెట్లు. కాస్కేడ్ పర్వతాల మధ్య 4,061 అడుగుల ఎత్తున ఉన్న కనుమ ఇది. రైలుమార్గం కోసం దీన్ని వెతికిపెట్టిన ఇంజనీరు జాన్ స్టీవెన్స్ పేరే పెట్టారు. తర్వాత పనామా కాలువకు ఛీఫ్ ఇంజనీరుగా పనిచేసింది కూడా ఆయనే. ఈ కనుమకు దగ్గర్లోనే, 1910 మార్చి 1న, మంచుచరియ విరిగిపడి ఆగివున్న రెండు రైళ్లను లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు. అది విన్నాక తెల్లటి ఆ కొండను చూస్తే అందంతోపాటు భయమూ వేసింది.

1937లో ఇక్కడ స్కీయింగ్ మొదలుపెట్టినవాళ్లు ఒక ఫోర్డ్ ఇంజనుకి తాడు తగిలించారట. ఆ తాడు పట్టుకుని పైకి వెళ్లడం, జారుతూ కిందికి రావడం, అంతే. ఇప్పుడైతే లిఫ్టులున్నాయి. లిఫ్టంటే మన అపార్టుమెంటులోదిలాంటిది కాదండోయ్! ఇనపతీగకి వేలాడే కుర్చీల వరస. కుర్చీ మనకోసం ఆగదు. వెనకనుంచి రాగానే టక్కున కూర్చోవాలి.

పాప వంతు వచ్చింది. అక్కడ నిలబడ్డ కుర్రాడు, చలికి ముక్కు ఎర్రబడిపోయి ఉన్నాడు, మీట నొక్కి లిఫ్టు వేగం తగ్గించాడు. కుర్చీని చేత్తో పట్టుకుని పాపని టీచరు పక్కన కూర్చోబెట్టి, అడ్డకమ్మీ దించారో లేదో చూసి పంపించాడు. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు.

"ఈ అబ్బాయికి జీతం ఎంతిస్తారు?" అన్నాను. మా అల్లుడు నవ్వాడు. "అత్తయ్యగారూ, పోయిన సీజన్లో ఇక్కడ జరిగిన గొడవంతా ఆ ప్రశ్న మీదే!"

సంగతేమిటంటే, 2018లో వెయిల్ రిసార్ట్స్ అనే పెద్ద కంపెనీ ఈ కొండ వ్యాపారాన్ని కొనేసింది. వాళ్లది ఎపిక్ పాస్ అని ఒకటుంది, 2008లో మొదలైంది. సీజనుకి ముందే డబ్బు కట్టేస్తే వాళ్ల స్కీ కొండలు ఎన్నిట్లోనో జారచ్చు. నిజం చెప్పాలంటే, తరచూ వెళ్లే సంసారులకు లాభమే. అప్పటికప్పుడు కొనే ఒక్కరోజు టికెట్లు చాలా ఖరీదు. కంపెనీకీ లాభమే. మంచు పడినా పడకపోయినా డబ్బు ముందే గల్లాపెట్టెలో పడుతుంది.

2021లో పాస్‌ల ధర 20 శాతం తగ్గించారు. ఆ సీజనుకి అన్ని కొండలకీ కలిపి సుమారు 21 లక్షల పాస్‌లు అమ్ముడయ్యాయి. డిసెంబరు వచ్చింది, మంచూ పడింది. కానీ స్టీవెన్స్ పాస్‌లో లిఫ్టులు తిప్పడానికి చాలినంత మంది లేరు. కొన్ని లిఫ్టులు ఆగిపోయాయి. కొండ వెనకవైపు లోయ మూసే ఉంచారు. తెరిచిన కాసిని చోట్లా బారులు తీరిన క్యూలు. కరోనా, పనివాళ్ల కొరత అని కంపెనీ చెప్పింది. జీతాలు చాలవని, కొండ ప్రాంతంలో అద్దె ఇళ్లు దొరకవని జనం అన్నారు. పాస్ డబ్బులో కొంత వాపసు ఇమ్మంటూ పెట్టిన అర్జీ మీద 40 వేలమందికి పైగా సంతకాలు చేశారు. ఈ కొండ ప్రభుత్వ అటవీభూమి, కంపెనీది అనుమతి మాత్రమే. అందుకే జనానికి అంత కోపం.

నాకు మన పెళ్లిభోజనాలు గుర్తొచ్చాయి. వెయ్యిమందికి శుభలేఖలు పంచి, వడ్డనకి నలుగురిని పెడితే ఏమవుతుంది? వంటశాలలో గంగాళాల నిండా పప్పూ కూరా ఉంటాయి, విస్తరి ముందు కూర్చున్నవాడికి మాత్రం అన్నం రాదు. పెళ్లిలో అయితే ఆడపెళ్లివారి పరువు పోతుంది. ఇక్కడ భోజనం ఖరీదు ముందే వసూలైపోయింది, తొందర ఎవరికి?

అర్జీ వృథా పోలేదు. 2022 జనవరిలో కొండకు కొత్త మేనేజరు వచ్చాడు. ఆ సీజన్లోనే వెనక లోయ తెరిచారు. మార్చిలో కంపెనీ, వచ్చే సీజను నుంచి ఉత్తర అమెరికాలోని తన కొండలన్నిట్లో గంటకి కనీసం 20 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. నేను చూసిన కుర్రాడు ఆ తర్వాతి సీజన్లో పనిలో ఉన్నవాడన్నమాట.

మీ పిల్లలు అటువైపు ఉండి, మీరూ వెళ్లాలనుకుంటే నాలుగు మాటలు. బయల్దేరేముందు ఏ లిఫ్టులు తిరుగుతున్నాయో కనుక్కోండి. నూలు మేజోళ్లు తడిస్తే ఆరవు, ఉన్నివి వేసుకోండి. పిల్లలకి రెండో జత గ్లవ్స్ పెట్టండి. తిరిగొచ్చేటప్పుడు పులిహోర డబ్బా ఖాళీగా ఉంటుంది, కాబట్టి కాస్త ఎక్కువే కలపండి!

సాయంత్రం పాప నాలుగుసార్లు పడి, అయిదోసారి నిలబడి నా దగ్గరకి జారుతూ వచ్చింది. "అమ్మమ్మా, చూశావా?" అంది. చూశాను తల్లీ. నిన్నూ చూశాను, నిన్ను పదిలంగా కుర్చీలో కూర్చోబెట్టిన ఆ కుర్రాణ్ణీ చూశాను. ఏడాదికి సరిపడా డబ్బు ముందే కట్టమని ఎవరైనా చవక బేరం పెడితే, ఈసారి ధరతోపాటు ఇంకో మాట కూడా అడగాలనుకుంటున్నాను: "బాబూ, వడ్డించేవాళ్లు ఎంతమంది?" మీరూ అడుగుతారు కదూ!